ఇనుము, ఆమ్లము, ఆముదము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదేని చరిత్ర వ్యాసము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కోరినప్పుడు, గ్రంథాలయ చరిత్ర వ్రాయుటకు నాకంటె తగినవారు పలువురు కలరని మనవి చేసితిని. రాజుల చరిత్ర, కోటల చరిత్ర వ్రాయునంతటి చదువు నాకు లేదు. సహకార సంఘపు పద్దులు వ్రాసికొనుచు, తీరిక చిక్కినప్పుడు ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి పాత పుస్తకములు తిరుగవేయగా అబ్బిన నాలుగక్షరములే నావి. కావున నాకు బాగుగా తెలిసిన ఒక పెట్టెను పట్టుకొని, దాని వెనుకనున్న కథను చెప్పెదను.

ఆ పెట్టెను చందాదారులందరును చూచియున్నారు. కిటికీ క్రింద నున్న ఇనుపపెట్టె అదియే. మా తాతగారు నిజాము ప్రభుత్వమున పట్వారీగా నుండి సేత్వారులు, పహాణీలు దానిలో దాచెడివారు. 1984లో గ్రామాధికారుల ఉద్యోగములు రద్దయిన పిమ్మట కాగితములు ప్రభుత్వమునకు చేరెను, పెట్టె మాయింట మిగిలెను. ఇరువదియైదేండ్ల క్రిందట గ్రంథాలయము తెరచినప్పుడు చందా పైకమునకును, రశీదు పుస్తకములకును ఒక చోటు కావలసివచ్చి దానిని ఇక్కడికి తెచ్చితిమి. కిటికీనుండి పడు వానజల్లునకు ఏటేట చిలుము పట్టి అది ఎర్రబడిపోయెను.

ఉత్సవమునాటికి దానిని శుభ్రపరతమని నాకు బుద్ధి పుట్టెను. స్నానపుగదులు కడుగుటకు అంగళ్లలో అమ్ము ఆమ్లమును, అనగా మావైపు తేజాబు అని పిలుచు దానిని, రెండు సీసాలు తెచ్చి తొట్టిలో నీటితో కలిపి, పెట్టె కీలుబందులను, గొండ్లెమును, తాళపు కప్పను ఊడదీసి అందులో వేసి, మూతను కూడ ఒకవైపు ముంచి, రాత్రి నిద్రపోతిని. తెల్లవారి చూడగా చిలుము పోయినమాట నిజమే. చిలుముతోపాటు ఇనుమును పోయెను. కీలుబందులు ఆకులవలె పలుచనయ్యెను. మూత అంచున చిటికెనవ్రేలు దూరునంత రంధ్రము పడెను. తాతగారి చేతివ్రాతను డెబ్బదియేండ్లు కాచిన పెట్టెను నేను ఒక్కరాత్రిలో పాడుచేసితిని.

కీలుబందులు మరల చేయించుటకు హైదరాబాదు పొలిమేరలో ఇనుమునకు జింకుపూత పూయు ఒక కర్మాగారమునకు పోతిని. అచ్చట పెద్దపెద్ద తొట్లలో, నేను వాడిన తేజాబునే నింపి, తుప్పుపట్టిన చువ్వలను ముంచి తీయుచున్నారు. చువ్వలు వెండివలె మెరయుచు బయటకు వచ్చుచున్నవి. తొట్టియొద్ద నున్న పనివాడు మన జిల్లావాడే. నా కథ విని నవ్వి, “మందు కలిపిన్రా సార్?” అని అడిగెను. ఏమి మందని నేనడుగగా, “మందు కలపకుంటె తేజాబు చిలుముతోటి ఆగదు, ఇనుమును గూడ తింటది” అనెను. డబ్బాలో గోధుమరంగు నూనెవంటి ద్రవమొకటి చూపెను. అంత పెద్ద తొట్టికి అది కొద్దిపాళ్లే చాలునట. దాని పేరు అతనికి తెలియదు, నాకును తెలియదు. ఆనాటినుండి ఆ మందు ఎక్కడ పుట్టెను, ఎవరు కనిపెట్టిరి, అది చేయు పని యెట్టిది అను విచారణ నాకు పట్టుకొనెను. ఈ వ్యాసమంతయు ఆ విచారణయే.

శాస్త్రజ్ఞులు ఆ మందును క్షయనిరోధకమందురు. లోహమును తినకుండ ఆమ్లమును అడ్డగించునది అని దాని అర్థము. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనవి కర్బన సమ్మేళనములు, అనగా చెట్లయందును, జంతువులయందును, బొగ్గునందును, నూనెలయందును లభించు జాతి పదార్థములు. వీని వింత యేమనగా, ఆమ్లము తుప్పును కరగించుచునే యుండును, ఆ పని ఆగదు. తుప్పు తొలగి బయటపడిన ఇనుముపైననే మందు అంటుకొని దానిని కాపాడును. పొలములో కలుపు తీసి పైరును విడుచు మంచి కూలివాని పనివంటిది.

కథ మా తాతగారి పెట్టెతోనే మొదలిడవచ్చును. ఆ పెట్టెలోని కాగితములు వ్రాసిన సిరా కూడ ఈ సంబంధము గలదియే. కరక్కాయలు దంచి నానబెట్టి కాచిన కషాయములో అన్నభేదిని కలిపిన నల్లని సిరా వచ్చును. నిలుచుటకును, కలమునుండి సమముగా జారుటకును తుమ్మబంక కలిపెడివారు. అన్నభేది యనగా ఇనుము గంధకామ్లముతో కలిసి ఏర్పడిన లవణము. కరక్కాయలోని వగరునకు శాస్త్రజ్ఞులు టానిన్ అని పేరు పెట్టిరి. ఈ రెండును కలిసి గాలి తగిలినప్పుడు నీటికి చెరుగని నలుపు పుట్టును. ఐరోపావారును మాచికాయలతో ఇట్టి సిరానే వందలయేండ్లు వాడిరి. ఉక్కు పాళీలు వచ్చిన తరువాత ఒక చిక్కు కలిగెను. ఆ సిరాలోని పులుపు పాళీని మెల్లమెల్లగా తినివేయును. బంగారు పాళీలను ధనవంతులు కోరుటకు డంబమొక్కటే కారణము కాదు, బంగారమును ఆ పులుపు ముట్టదు. పద్దులు వ్రాయువాని చేతిలోనే ఇనుము, ఆమ్లము, టానిన్, బంక అను నాలుగును చేరియుండినవి. తుప్పుపై కరక్కాయ కషాయము పూసిన నల్లని పొర కట్టి కొంత రక్షణ కలుగును. ఈనాడు తుప్పును నల్లని పొరగా మార్చుటకు అమ్మబడు పూతలలో కొన్నిట నున్నది టానికామ్లమే. తేజాబునకు బదులు నేను కరక్కాయ వాడియుండిన పెట్టె బ్రతికెడిది. ఇది తరువాత తోచిన తెలివి.

పులుపు లోహమును తినుననుట మన ఆడువారికి పాఠము చెప్పవలసిన విషయము కాదు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచరు, రాగిచెంబులో మజ్జిగ నిలువయుంచరు. చింతపండుతో తోమిన ఇత్తడి మెరయును, ఏలనన చింతపండులోని టార్టారికామ్లము పైనున్న కిలుమును కరగించును. అయినను తోమి వెంటనే కడిగివేయుదురే గాని చింతపండు పూసి రాత్రంతయు ఉంచరు. నేను పెట్టె విషయమున చేసిన తప్పును మా యింటి ఆడువారెవ్వరును గిన్నె విషయమున చేసియుండలేదు. ఊరూర తిరిగి కళాయి పోయు పనివాడు గిన్నెను కాచి, నవసాగరము చల్లి, దూదితో తగరమును తుడుచునప్పుడు లేచు తెల్లని పొగను నా యీడువారు చూచియే యుందురు. నవసాగరము వేడికి విడిపోయి పుట్టిన హైడ్రోక్లోరికామ్లము గిన్నెపై మైలను తీసివేయును, తగరము అంటుకొనును. ఇవి యన్నియు పులుపును వాడుకొను విద్యలు. పులుపు మధ్యనే లోహమును నిలుపు విద్య వేరు.

ఇచ్చట నేనొక ఒప్పుకోలు చేయవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట ఒక సభలో ఒక వక్త, ఈ నిరోధకములన్నియు మన రసశాస్త్ర గ్రంథములలో ఉన్నవేయనియు, పడమటివారు వానిని తస్కరించిరనియు చెప్పగా, ఎల్లరతోపాటు నేనును చప్పట్లు కొట్టితిని. పెట్టె పాడైన తరువాత ఆ మాట జ్ఞప్తికి వచ్చి రసరత్నసముచ్చయమును తెరచితిని. అది 13వ శతాబ్ది ప్రాంతపు గ్రంథమని పండితులు చెప్పుదురు. అందు ఇనుమును ముండము, తీక్ష్ణము, కాంతము అని మూడు విధములుగా విభజించిరి. లోహశోధనకు విధి యిట్లున్నది: లోహపు రేకులను ఎర్రగా కాల్చి, నూనెయందును, మజ్జిగయందును, గోమూత్రమునందును, పులియబెట్టిన గంజియందును, ఉలవల కషాయమునందును ఏడేసిమారులు ముంచవలెను. ఇనుమునకు ప్రత్యేకముగా త్రిఫల కషాయమును చెప్పిరి. త్రిఫలలో కరక్కాయ ఒకటి. పులుపు ఉన్నది, నూనె ఉన్నది, వగరు ఉన్నది, ఇనుము ఉన్నది. రెండురాత్రులు నాకు సంతోషముచే నిద్రపట్టలేదు. వక్త చెప్పినది సత్యమేయని వ్యాసము కూడ మొదలుపెట్టితిని.

మూడవనాడు శోధన తరువాతి ప్రకరణమును చదివితిని. అది మారణము. శోధించిన ఇనుమును మరల మరల పుటము పెట్టి, నీటిపై తేలునంతటి మెత్తని భస్మముగా చేయుటయే ఆ గ్రంథకర్తల ఉద్దేశము. ఆ భస్మము ఔషధము. కాల్చి పులుపులో ముంచుటచే ఇనుము పెళుసెక్కి పొడియగుటకు సిద్ధమగును. అనగా ఆ శాస్త్రమున లోహమును కాపాడుట పరమార్థము కాదు, చంపుట పరమార్థము. ఆ పనిలో వారు చూపిన నేర్పునకు నేను నమస్కరింతును. కాని ఆమ్లములో ఇనుమును బ్రతికించు విద్యను ఆ పద్దున జమకట్టుట తప్పు లెక్క. ఒకని ఖాతాలోనిది వేరొకని ఖాతాలో వ్రాసిన గుమాస్తాను సంఘము మందలించును గదా. నా వ్యాసమును చింపివేసితిని.

ఇంకొక మాటయు కలదు. మజ్జిగ, గంజి, చింతపండు, నిమ్మ మొదలైన అమ్లవర్గమువి మెత్తని పులుపులు. గంధకామ్లము, నత్రికామ్లము వంటి గట్టి ఖనిజామ్లములు మన గ్రంథములలో ఆలస్యముగా కనబడును. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయిగారు హిందూ రసాయనశాస్త్ర చరిత్ర మొదటి సంపుటమును 1902లో ప్రకటించిరి. 16వ శతాబ్ది నాటిదిగా ఎంచబడు రసప్రదీపమున శంఖద్రావకమను పేర నట్టి ఆమ్లము చెప్పబడినదని వారు చూపిరి. గట్టి ఆమ్లము విరివిగా లేనిచోట దానికి విరుగుడు వెదకవలసిన అవసరమును కలుగదు. ఉమామహేశ్వరము మెట్లెక్కి శ్రీశైలము వైపు చూచునప్పుడెల్ల నాకు నిత్యనాథసిద్ధుని రసరత్నాకరము తలపునకు వచ్చును. శ్రీపర్వతపు వింతలకు అందొక ప్రకరణమే కలదు. ఆ సిద్ధులు కోరినది చావులేని దేహము. చిల్లుపడని పెట్టెను వారు కోరలేదు.

మన తెలంగాణపు ఇనుమునకు ఆమ్లముతో పరిచయము వేరొక త్రోవను కలిగినది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కు ఒకప్పుడు పారశీక వర్తకులచే కొనబడి పోయెడిది. గోల్కొండ రాజ్యపు ఉక్కు డమాస్కసు కత్తులకు పోవుచున్నదని 17వ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసెను. కోనసముద్రపు పనిని కన్నులార చూచిన వాయిసీ దొరగారి వర్ణన 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. ఆ కత్తులపై నీటి అలలవంటి గీతలు ప్రసిద్ధములు. మెరుగుపెట్టిన కత్తిపై ఆ అలలు సరిగా కనబడవు. పులుపుగల ద్రావణమును పూసినప్పుడు మెత్తని ఇనుము తినబడి నల్లబడును, గట్టిదైన కార్బైడు తెల్లగా నిలుచును. అప్పుడు అల తేలును. పూయువాడు ఒక్క గడియ ఏమరిన కత్తి పాడగును. అతనికి నిరోధకము తన కన్నే. సరియైన క్షణమున కడిగి నూనె రాచెడివాడు.

ఇక పడమటి దేశములకు పోదము. అచ్చట ఈ అవసరము పుట్టినది రేకు డబ్బాలవలన. ఇనుపరేకుపై తగరము పూయవలెనన్న ముందు దానిపై నల్లని పెచ్చును తీయవలెను. జర్మనీ దేశపు సాక్సనీలోను, దాని పొరుగు బొహీమియాలోను రేకుపనివారు రై అను ధాన్యమును నీటిలో పులియబెట్టి, ఆ పుల్లని నీటిలో రేకులను దినములతరబడి నానవేసెడివారు. ఇంగ్లండున తవుడు పులియబెట్టిన నీరు వాడిరి. మనవారి గంజితొట్టి వంటిదే ఇది. తరువాత 1746లో బర్మింగ్‌హామున జాన్ రోబక్ సీసపు గదులలో గంధకామ్లము చేయు విధానమును నెలకొల్పెను. అంతకుముందు గాజుసీసాలలో తులముల లెక్కన అమ్మబడిన ఆమ్లము బండ్ల లెక్కన చవుకయ్యెను. రేకుపనివారు పులిసిన తవుడును క్రమముగా విడిచి గంధకామ్లమునకు మరలిరి. దినముల పని నిమిషములలో తీరెను.

ఇచ్చట నష్టము మొదలయ్యెను. తవుడునీరు మెల్లగా తినును, గంధకామ్లము ఆగదు. పెచ్చుతో ఇనుమును పోవును. ఇనుము పోవుచున్నంతసేపు ఆమ్లము వ్యర్థమగును. అప్పుడు బయటపడు ఉదజని బుడగలు ఆమ్లపు తుంపరను మోసికొని పైకి లేచి, తొట్టియొద్ద నిలుచు పనివాని రొమ్మును, పండ్లను పాడుచేయును. ఆ ఉదజనిలో కొంత ఇనుములోనికే దూరి ఉక్కును పెళుసు చేయును. ఈ పనికి ఆంగ్లేయులు పెట్టిన పేరును, వారు ఊరగాయకు వాడు పేరును ఒక్కటే. పచ్చడి జాడీలో ముక్క మెత్తబడిన సంతోషింతుము, ఉక్కు మెత్తబడిన ఏమి చేయుదుము?

ఇక మందు పుట్టిన కథ. తవుడునీటిలో నానిన రేకు అంతగా పాడుగాకుండుటకు పులుపు తక్కువయగుట ఒక్కటే కారణము కాదనియు, అందలి జిగురు పదార్థములు కూడ ఇనుమును కాచుచున్నవనియు అనుకొనుటకు నాకు ఆధారమైనది 1872 నాటి ఒక పరిశోధన. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞులు మరంగోని, స్టెఫనెల్లి అనువారు సరేసు, జెలాటిన్, తవుడు వీని సారములు ఆమ్లములో ఇనుము తినబడుటను తగ్గించునని ఆ యేట తెలిపిరి. సరేసు మన వడ్రంగులు కొయ్య అంటించు జిగురే, పశువుల తోలు ఎముకలనుండి తీయబడునది. తవుడు మన పశువులకు పెట్టునదే. ఎంత అల్పమైన వస్తువులు! 1895లో బాల్డ్విన్ అనునతడు ఉక్కురేకులను ఆమ్లమున శుభ్రపరచునప్పుడు చెరకు మడ్డిని, చెట్ల నూనెలను కలుపు పద్ధతికి బ్రిటిషు పేటెంటు పొందెను. ఈ జాతి మందునకు ఇచ్చిన తొలి పేటెంటుగా దీనిని చెప్పుదురు. కారణము తెలిసి చేసిన పని కాదది. కలిపి చూచిరి, రేకు మిగిలెను, మరల కలిపిరి. మన కళాయివాడు నవసాగరమును ఎట్లు వాడెనో అట్లే. పుస్తకమునకు ముందు చేయి నడచినది.

20వ శతాబ్ది తొలిభాగమున బొగ్గునుండి తీసిన తారులోని పిరిడీన్, క్వినొలీన్ వంటి నత్రజని పదార్థములు ఇంకను బాగుగా పనిచేయునని తేలెను. వాటి దుర్వాసనను పనివారు భరించిరి, రేకు నిలిచినది కాబట్టి. తరువాత థయోయూరియా మొదలైన గంధకపు సమ్మేళనములు వచ్చెను.

ఎందుచేత పనిచేయును? దీనిని నా వృత్తి భాషలో చెప్పెదను, అది నాకు సుళువు. ఆమ్లములో వేసిన ఇనుపముక్క ఉపరితలమున జంటపద్దు నడచుచుండును. ఒకచోట ఇనుప పరమాణువు తన ఎలక్ట్రానులను విడిచి ద్రావణములోనికి పోవును, అది ఖర్చు. వేరొకచోట ఆ ఎలక్ట్రానులను ఆమ్లములోని ఉదజని తీసికొని బుడగయై లేచును, అది జమ. రెండు ప్రక్కలును ఎల్లప్పుడు సరిపోవలసినదే. ఒక ప్రక్క మూసిన రెండవదియు ఆగును. ఇనుము చెడుట విద్యుత్తునకు సంబంధించిన పనియని 1903లో అమెరికా శాస్త్రజ్ఞుడు విట్నీ స్పష్టముగా చెప్పెను. నత్రజని, గంధకము, ప్రాణవాయువు అను మూలకములు గల కర్బన అణువులయందు బంధములో పాల్గొనని ఎలక్ట్రాను జంటలుండును. ఆ జంటతో అణువు ఇనుముపై అంటుకొనును. దీనినే అధిశోషణమందురు. అణువునకు నూనెవంటి పొడుగాటి తోక యున్నచో ఆ తోక నీటిని దూరముగా నెట్టును. ఇట్లు ఇనుముపై అణువుల పొర ఒక్కటి కప్పినను చాలును. కంటికి కానరాని పలుచదనము అది. అంత పెద్ద తొట్టికి ఆ కొద్దిపాటి మందు ఎట్లు సరిపోయెనో నాకప్పుడు బోధపడెను. నీటినంతటిని మార్చనక్కరలేదు, ఇనుము ముఖము కప్పిన చాలు.

ఈ పొర శాశ్వతము కాదు. ఆమ్లము వేడెక్కినకొలది చాల మందులు ఊడిపోవును. కొన్ని మందులు ఇనుము కరగుటను ఆపియు ఉదజని లోనికి దూరుటను ఆపవు, కొన్ని గంధకపు మందులు దానిని ఇంకను పెంచును. కావున ఒక మందు మంచిదా కాదా యని చెప్పునప్పుడు ఏ ఆమ్లమున, ఎంత వేడిలో, ఎంతసేపు అని అడుగవలెను.

మందు బలమును కొలుచు విధానము నాకు మిక్కిలి నచ్చినది. సమానమైన రెండు ఇనుప బిళ్లలను తూచి, ఒకదానిని వట్టి ఆమ్లములోను, రెండవదానిని మందు కలిపిన ఆమ్లములోను సమానకాలము ఉంచి, తీసి కడిగి ఆరబెట్టి మరల తూచుదురు. వట్టి ఆమ్లములో 100 మిల్లీగ్రాములు తరిగి, మందుతో 8 మాత్రమే తరిగినదనుకొందము. అప్పుడు నిరోధము నూటికి 92. త్రాసు, తూనిక, తీసివేత, ఇంతే. ఈనాడు విద్యుత్ యంత్రములతో కొలుచుపద్ధతులు పెక్కు వచ్చినను ఈ త్రాసు పద్ధతి పోలేదు.

1932లో ఈ విద్యకు కొత్త అక్కర కలిగెను. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున సున్నపురాతి పొరలలో నూనెబావులు ఎండిపోవుచుండగా, హైడ్రోక్లోరికామ్లమును బావిలోనికి పంపి రాతిని కరగించి నూనెకు దారి చేయవలెనని తలచిరి. కాని ఆమ్లము పోవలసినది ఇనుపగొట్టముల గుండనే గదా. రాయి కరగవలెను, గొట్టము కరగరాదు. అప్పుడు వాడిన నిరోధకము పాషాణము, అనగా ఆర్సెనిక్కు. పని జరిగెను, నూనె వచ్చెను. పాషాణము మాత్రము నూనెతోపాటు బయటకు వచ్చి మనుష్యులకును, నూనెను శుద్ధిచేయు యంత్రములకును హాని చేయునదయ్యెను. క్రమముగా దాని స్థానమును కర్బన సమ్మేళనములు ఆక్రమించెను. ఇనుమును కాచుటకు మనిషిని చంపరాదను ఎరుక శాస్త్రమునకు మెల్లగానే వచ్చినదనవలెను.

మనదేశమున స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడే, 1948లో, తమిళనాటి కారైక్కుడిలో కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాలయమునకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. అళగప్ప చెట్టియారుగారు భూమిని, ధనమును ఇచ్చిరి. 1953లో అది తెరువబడి లోహక్షయముపై పరిశోధనలకు నిలయమయ్యెను. మన వరంగల్లులో 1959లో వెలసి, 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారిన కళాశాలయొక్క రసాయనశాస్త్ర శాఖలోను నిరోధకములపై చాలకాలము పరిశోధనలు జరిగినవి. అవి ముఖ్యముగా ఆమ్లము లేని నీటిలో ఇనుమును, రాగిని కాచు ఫాస్ఫోనేటులు మొదలైనవానికి సంబంధించినవి. విద్యుత్కేంద్రముల బాయిలరు గొట్టములలో పేరుకొన్న పెచ్చును ఆమ్లముతో కడుగునప్పుడును మందు కలుపక కడుగరు. కావున మనయింట దీపము వెలుగుటలో కూడ ఆ గోధుమరంగు డబ్బాకు కొంత పాలు కలదు.

ఇక మా నేల సంగతి. 1981లో ఇద్దరు భారతీయ పరిశోధకులు బ్రిటనులో వెలువడు ఒక పత్రికలో, ఆమ్లములో ఉక్కును కాపాడు వృక్షజన్య పదార్థములనుగూర్చి ప్రకటించిరి. వారు పేర్కొన్నవి: పొగాకు, మిరియాలు, ఆముదపు గింజలు, తుమ్మజాతి బంక, కొయ్యలోని లిగ్నిన్. ఈ పట్టిక చదివినప్పుడు నా కండ్లు ఆముదపు గింజలయొద్ద ఆగిపోయెను. కల్వకుర్తి చల్కలలో పుట్టినవానికి ఆముదము ఊరకే ఒక పంట కాదు. వాన మొగముచాటు చేసిన యేటను ఎర్రనేలలో నిలిచిన పైరు అది. నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాల మెట్టరైతునకు పన్ను కట్టించినది, పిల్లల పెండ్లి చేయించినది ఆముదాల మూటయే. గానుగ ఆడిన నూనె దీపమున కాలెను, బండి ఇరుసున రాచిరి, పసిబిడ్డ మాడున అంటిరి. ఆ ఇరుసునకు ఆముదము రాచిన రైతునకు అధిశోషణమను మాట తెలియదు, ఇనుము నిలుచునని తెలియును. ఆముదములో నూటికి 85 పాళ్లకు పైగా నుండునది రిసినోలిక్ ఆమ్లము. దాని పొడుగాటి తోక నీటిని దూరముగా నెట్టునట్టిదే. మిరియములోని పైపరీన్, పొగాకులోని నికొటీన్ నత్రజని గల అణువులు. బాల్డ్విన్ పేటెంటులోని చెట్లనూనెలను, 1981 నాటి ఈ పట్టికను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు, మా చేని గింజకు ఈ చరిత్రలో ఒక గీటైనను దక్కినదని సంతోషించితిని. ఇది రసరత్నసముచ్చయము పేర వ్రాసిన తప్పుడు జమ కాదు, తూచి వ్రాసినది.

అయినను ఇచ్చటను మితము తప్పరాదు. ఆ తరువాత వేప, చింత, కలబంద, నారింజ తొక్క మొదలు ఊరిలోనున్న ప్రతి ఆకును ఉడుకబెట్టి ఇనుప బిళ్లపై పోసి నూటికి తొంబదియని వ్రాసిన వ్యాసములు ప్రపంచమంతట వేలకొలది వెలువడినవి. వానిలో కర్మాగారపు తొట్టివరకు చేరినవి బహు తక్కువ. ఆకు సారము ఋతువునకొక తీరుగ నుండును, నిలువయుంచిన కుళ్లును, అందలి యే అణువు పనిచేసినదో తేల్చుట కష్టము. విషములేని మందు కావలెననుట మంచి కోరికయే. ప్రయోగశాల గిన్నెలో నెగ్గినది తొట్టిలో నెగ్గినట్లు చెప్పుటయు తప్పు లెక్కయే యగును.

నేనును చిన్న పరీక్ష చేసితిని. రెండు గాజుగ్లాసులలో నీటితో పలుచన చేసిన తేజాబు పోసి, ఒకదానిలో మా గట్టున తెచ్చిన తుమ్మబంకను కరగించి, రెండింటను ఒకే పొట్లములోని మేకులు వేసి చూచితిని. బంకలేని గ్లాసులో బుడగలు చురుకుగా లేచెను. బంక కలిపిన దానిలో తగ్గెను గాని నిలువలేదు. ఇంటి త్రాసు దానిని తూచునంతటి సున్నితమైనది కానందున లెక్క వ్రాయలేదు. చదువరులు, ముఖ్యముగా పిల్లలు, దీనిని ఇంటిలో చేయవలదు. తేజాబు పొగ ఊపిరితిత్తులకు కీడు, చుక్క కంటబడిన చూపు పోవును. పలుచన చేయవలసివచ్చిన ఆమ్లమును నీటిలో పోయవలెనే గాని నీటిని ఆమ్లములో పోయరాదు.

విశేషమేమనగా, నల్లగొండ, పాలమూరులలో ఇప్పుడు ఆముదపు చేలు వెదకవలసియున్నది. హైదరాబాదు సంస్థానపు కాలమున దేశములో ఈ పంటకు ముఖ్యస్థానము మనది. నేడు అధికభాగము గుజరాతులో పండుచున్నది. కృష్ణానీరు ఎత్తిపోతలద్వారా మా చెరువులకు వచ్చుచున్నది, పత్తియు వరియు చల్కలను ఆక్రమించినవి. నీరు వచ్చినందుకు నేను విచారపడుటలేదు, మా తండ్రిగారు చూడలేకపోయిన వరిచేను నేను చూచితిని. పెట్టెకు పూయుటకు గానుగ ఆముదము కావలసివచ్చి మూడు ఊళ్లు తిరిగితిని. చివరకు ఒక ముసలమ్మ తన తలకు దాచుకొన్న సీసానుండి ఒక చిన్నగిన్నెడు పోసి యిచ్చెను, పైకము పుచ్చుకొనలేదు.

కీలుబందులు కొత్తవి వేయించితిని. మూత రంధ్రముపై కమ్మరి చిన్న రేకుముక్క అతికెను. లోపల మిగిలిన చిలుమునకు కరక్కాయ కషాయము పూసి నల్లబరచి, ఆరిన పిదప ఆముదము రాచితిని. పెట్టె మరల కిటికీ క్రిందనే యున్నది, కిటికీకి రెక్క మాత్రము కొత్తది. సామానుల రిజిస్టరులో దాని కెదురుగా, “మూతయందు రంధ్రము 1, కారణము లెక్కగుమాస్తా అజాగ్రత్త, మరమ్మతు ఖర్చు అతని స్వంతము” అని వ్రాసి సంతకము చేసితిని.